సున్నాలు చుట్టే విద్య: ఐసెట్ వెన్ డయాగ్రమ్ చిట్కాలు

డిగ్రీ అయిపోయింది. గడప దాటితే చాలు, "ఇప్పుడేం చేస్తాండావప్పా?" అని వీధి వీధంతా అడుగుతోంది. "ఐసెట్‌కు ప్రిపేరవుతున్నా" అను. అంతే, మళ్ళీ పరీక్ష అయ్యేదాకా నిన్ను శెనక్కాయ చేనుకు రమ్మని పిలిచేవాడుండడు. ఎంబీయే, ఎంసీయే సీట్ల కోసం పెట్టే ఈ పరీక్షకు ఇంతకు మించిన ప్రయోజనం ఇంకొకటి లేదు.

కాకపోతే పరీక్ష రోజంటూ ఒకటి వస్తుంది. ఆ పూట కంప్యూటర్ ముందు కూర్చోక తప్పదు. 150 నిమిషాలు, 200 ప్రశ్నలు. ప్రశ్నకు 45 సెకన్లు. అనలిటికల్ ఎబిలిటీ సిలబస్‌లో టేబుళ్ళు, గ్రాఫులు, పై చార్టుల పక్కనే వెన్ డయాగ్రమ్ అని ఒక మాట నక్కి ఉంటుంది. రెండు సాయంత్రాలు కుదురుగా కూర్చుంటే పట్టుబడే విద్య అది, చేతికి అందే మార్కు. అంటే మనకు బొత్తిగా పనికిరానిది. ఇంత తేలికైన మార్కును పోగొట్టుకోవాలంటే మాటలు కాదు, కొంత నేర్పు కావాలి. ఆ నేర్పు ఇదిగో.

1. లావాటి పుస్తకం కొను, తెరవొద్దు.

అనంతపురం టవర్ క్లాక్ చుట్టుపక్కల అడిగితే ఐసెట్ మెటీరియల్ దొరుకుతుంది. బరువు చూసి కొను. ఇంటికొచ్చాక ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో వెన్ డయాగ్రమ్ పాఠంలో నాలుగు పేజీలు తిప్పు. నూనె మరక పడ్డ పేజీకి ఉన్న పలుకుబడి చదివిన పేజీకి ఉండదు. "తినేటప్పుడు కూడా పుస్తకం వదల్లేదు పాపం" అని మీ అమ్మ పక్కింట్లో చెప్పుకుంటుంది.

నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల పుస్తకంలో రెండో పాఠమే సమితులు. సమ్మేళనం, ఛేదనం, వెన్ చిత్రాలు అన్నీ అందులోనే ఉన్నాయని ఎవరో ఒక పెద్దమనిషి గుర్తుచేస్తాడు. ఆ పుస్తకం అటక మీద ఉంది. అటక ఎక్కితే దుమ్ము. దుమ్ము లేస్తే తుమ్ములు. ఆరోగ్యం ముఖ్యం.

2. వెన్ డయాగ్రమ్ నేర్చుకోవద్దు, వెన్ గురించి నేర్చుకో.

చదివినట్టూ ఉండాలి, చదవకూడదూ అంటే ఇదే మార్గం. జాన్ వెన్ 1834లో ఇంగ్లండ్‌లోని హల్ పట్టణంలో పుట్టాడు. కేంబ్రిడ్జిలో తర్కం చెప్పాడు. 1880లో ఈ బొమ్మల మీద వ్యాసం అచ్చువేశాడు. అంతకు వందేళ్ళ కిందటే ఆయిలర్ ఇలాంటి సున్నాలు చుట్టి ఉన్నాడు కాబట్టి, "అసలు ఇది వెన్ కనిపెట్టిందే కాదు, తెలుసా?" అని హాస్టల్లో వాదన లేవదియ్యి. రాత్రి భోజనాల గంట దాకా గడిచిపోతుంది. కేంబ్రిడ్జిలో ఆయన కాలేజీ భోజనశాల కిటికీకి రంగుటద్దాల్లో మూడు వృత్తాలు పొదిగి ఉన్నాయి, అది కూడా చెప్పు. ఆయన క్రికెట్ బంతులు విసిరే యంత్రం కూడా ఒకటి తయారుచేశాడు. 1909లో ఆస్ట్రేలియా జట్టు కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు వాళ్ళ ఆటగాణ్ణే ఆ యంత్రం బౌల్డ్ చేసింది. ఇక్కడి నుంచి ఫోన్లో క్రికెట్ వీడియోల్లోకి దారి సాఫీగా ఉంటుంది.

ఇంకొకటి. నాలుగు సమితులకు గుండ్రటి వృత్తాలతో బొమ్మ కుదరదు. 16 గదులు కావాలి, నాలుగు వృత్తాలను ఎటు తిప్పి పెట్టినా బయటి చోటుతో కలిపి 14కు మించవు. అందుకని దీర్ఘవృత్తాలు గీస్తారు. ఇది ఐసెట్‌లో అడగరు. కాబట్టి బాగా గుర్తుపెట్టుకో.

3. వృత్తం గుండ్రంగా వచ్చేదాకా ఊరుకోవద్దు.

రఫ్ పేపర్ చేతికి రాగానే పని మొదలుపెట్టు. ప్రశ్న తర్వాత చదవొచ్చు. మొదటి సున్నా కాస్త సాగినట్టు వస్తుంది. కొట్టెయ్. రెండోది బొద్దుగా వస్తుంది. కొట్టెయ్. జేబులో రూపాయి బిళ్ళ ఉంటే దాని చుట్టూ గియ్యి, లేకపోతే బొటనవేలిని కాగితం మీద ఆనించి తిప్పు. మూడు వృత్తాలూ ఒకే సైజులో ఉండాలి, నడిమి గది మూడు వైపులా సమంగా రావాలి. తర్వాత ఒక్కో గదికి ఒక్కో రకం గీతలు: ఒకదానికి అడ్డం, ఒకదానికి నిలువు, ఒకదానికి వాలు, నడిమి దానికి గళ్ళు. చూడటానికి ధర్మవరం చీర కొంగులా ఉండాలి. అంకెలు రాయడానికి చోటు మిగలకపోతే పని సక్రమంగా జరిగినట్టు.

నీ పక్క సీటువాడు గోరంత సున్నాలు రెండు గీకి, మూడు అంకెలు పడేసి, జవాబు నొక్కి, నాలుగు ప్రశ్నలు ముందుకు వెళ్ళిపోయి ఉంటాడు. వాడికి కళాదృష్టి లేదు.

4. కనిపించిన అంకెలన్నీ కూడెయ్.

మచ్చుకు ఒక ప్రశ్న. ఒక ఊళ్ళో 100 మంది రైతులు. 70 మంది వేరుశనగ వేశారు, 45 మంది కంది వేశారు, 25 మంది రెండూ వేశారు. రెండిట్లో ఏదీ వెయ్యనివారు ఎందరు?

నెమ్మదస్తుడు ఏం చేస్తాడంటే, రెండు సున్నాలు ఒకదాని మీదికొకటి జరిపి గీసి, ముందు నడిమి గదిలో 25 వేస్తాడు. 70లోంచి ఆ 25 తీసి ఎడమ పక్క 45 రాస్తాడు. 45లోంచి అదే 25 తీసి కుడి పక్క 20 రాస్తాడు. మూడూ కూడితే 90. బయట మిగిలింది 10. ఇరవై సెకన్లలో అయిపోతుంది. అంత తొందర దేనికి?

నువ్వు 70, 45, 25 కూడు. 140 వస్తుంది. ఊళ్ళో ఉండేదే 100 మంది కదా, ఈ 40 మంది ఎక్కడ ఊడిపడ్డారని కంగారుపడొద్దు. మనది సరిహద్దు జిల్లా. పావగడ నుంచో బళ్ళారి నుంచో వచ్చి కౌలుకు చేసుకుంటున్నారని సర్దుకో. ఆప్షన్లలో 40 ఉంటే నొక్కు. లేకపోతే 25 ఎలాగూ ఉంటుంది, దాన్ని నొక్కు. ప్రశ్నలో ఉన్న అంకె ఆప్షన్లలో కూడా కనబడిందంటే, పేపర్ తయారుచేసిన పెద్దమనిషి నీలాంటివాళ్ళను తలుచుకునే దాన్ని అక్కడ పెట్టి ఉంటాడు. ఈ మాటలో అబద్ధం లేదు.

ఒక్క జాగ్రత్త. ఈ ప్రశ్నను పొరపాటున కూడా మీ నాన్నకు చదివి వినిపించొద్దు. శెనక్కాయ చేలో కంది సాళ్ళు వేసి పండించిన మనిషి ఆయన. ఏడెనిమిది సాళ్ళ శెనక్కాయకు ఒక సాలు కంది. వాన మొగం చాటేసి శెనక్కాయ ఎండినా, కంది వేరు లోతుకు దిగి అంతో ఇంతో నిలబడుతుందని ఆయన లెక్క. పైగా ఇన్‌పుట్ సబ్సిడీ లిస్టుల్లో పేరు ఉందో లేదో చూసుకోడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాడు. పంచెకు అంటిన ఎర్రమన్ను దులుపుకుంటూనే, "శెనక్కాయ లిస్టులో ఉండేటోడే కంది లిస్టులోనూ ఉంటే మనిషి ఒగడే కదప్పా? రెండు మార్లు ఎట్ల లెక్కేస్తావు?" అంటాడు. కాగితం లేదు, పెన్ను లేదు. "పది మంది. బెంగళూరుకు పోయింటారు" అని జవాబు కూడా చెప్పేస్తాడు. పట్నంలో మూడేళ్ళు డిగ్రీ వెలగబెట్టిన నీ పరువేం కావాలి?

5. చిన్న మాటలు దాటెయ్.

పై బొమ్మలోనే, వేరుశనగ వేసినవారు అంటే 70. కేవలం వేరుశనగే వేసినవారు అంటే 45. కనీసం ఒక పంట వేసినవారు అంటే 90. సరిగ్గా ఒకే పంట వేసినవారు అంటే 65. ఒక్క బొమ్మలోంచి ఇన్ని జవాబులు రావడం మంచి పద్ధతి కాదు. 'కేవలం', 'కనీసం', 'సరిగ్గా' అన్నవి అలంకారానికి వేసిన మాటలనుకుని అన్నిటికీ 70 పెట్టు. ఒకటి కాకపోతే ఒకటైనా తగులుతుంది.

ప్రశ్న తెర మీద ఇంగ్లీషులోనూ ఉంటుంది, తెలుగులోనూ ఉంటుంది. ముందు ఇంగ్లీషులో చదువు. తర్వాత తెలుగులో చదువు. రెండూ ఒకటేనా అని అనుమానం తెచ్చుకుని మళ్ళీ ఇంగ్లీషులో చదువు. 45 సెకన్లు ఎప్పుడు అయిపోయాయో తెలియదు.

6. మూడు సున్నాలు వస్తే బయటి నుంచి లోపలికి రా.

ఈ పుస్తకాల వాళ్ళందరికీ ఒకటే జబ్బు, ఎవరిని కదిపినా "నడిమి గది ముందు నింపు, అక్కడి నుంచి బయటికి రా" అంటారు. నువ్వు ముందు గుమ్మంలోంచి దర్జాగా నడిచిరావాల్సిన మనిషివి. బయటి నుంచే రా.

హిందూపురం బజారులో ఒక వీధి అనుకో. 120 మంది ఉన్నారు. తెలుగు మాట్లాడేవారు 90, కన్నడం 60, ఉర్దూ 40. తెలుగూ కన్నడమూ వచ్చినవారు 45. కన్నడమూ ఉర్దూ వచ్చినవారు 20. తెలుగూ ఉర్దూ వచ్చినవారు 25. మూడూ వచ్చినవారు 15. ఈ మూడిట్లో ఒక్కటీ రానివారు ఎందరు?

పుస్తకాల వాళ్ళ పద్ధతిలో నడుమ 15 పడుతుంది. తర్వాత 45లోంచి ఆ 15 తీసి 30, 20లోంచి తీసి 5, 25లోంచి తీసి 10. అటుపైన తెలుగు ఒక్కటే వచ్చినవారు 35, కన్నడం ఒక్కటే 10, ఉర్దూ ఒక్కటే 10. అంతా కూడితే 115. మిగిలింది 5. బొమ్మ గీసే ఓపిక లేనివాడు మూడు అంకెలు కూడి 190, అందులోంచి జంటల మొత్తం 90 తీసేసి, మూడూ వచ్చిన 15 మందిని తిరిగి కలుపుకుంటాడు. అదే 115. ఎటు నుంచి వచ్చినా ఒకే జవాబు రావడం ఈ పద్ధతిలోని పెద్ద లోపం. వైవిధ్యం లేదు.

నీ పద్ధతిలో 45ను అలాగే జంట గదిలో దించు. 20ని అలాగే దించు. 25ను అలాగే దించు. నడుమ 15 ఎలాగూ ఉంది. ఆ 45 మందిలో మూడు భాషల వాళ్ళు 15 మంది ముందే కూర్చుని ఉన్నారు కదా అని ఎవరైనా అంటే, "ప్రశ్నలో అలా రాయలేదే" అను. ఇప్పుడు కన్నడం ఒక్కటే వచ్చినవారి లెక్క తీయ్: 60లోంచి 45, 20, 15 పోగా మైనస్ 20. ఉర్దూ కూడా తీయ్: 40లోంచి 20, 25, 15 పోగా మైనస్ 20. మనుషులు మైనస్‌లోకి పోయారంటే ఎక్కడో తప్పు దొర్లిందని బొమ్మ నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతోందన్నమాట. చెవిన వేసుకోవద్దు. వాళ్ళు ఊరు విడిచి పోయినవాళ్ళు అనుకో. ఓటరు లిస్టులో పేర్లు ఉండీ మనిషి లేకపోవడం మనమెరగనిదా? అన్నీ కూడితే 70 వస్తుంది. ఒక్క భాషా రానివారు 50 మంది. హిందూపురం బజారులో 50 మంది మూగగా బేరాలు చేసుకుంటున్నట్టు తేలింది. సామాజిక శాస్త్రానికి ఇది నీ వంతు సేవ.

సూత్రం బట్టీ కొడతానంటే కాదనను. గుర్తులు మాత్రం ఆ రోజు మూడ్‌ను బట్టి వేసుకో.

7. షార్ట్‌కట్‌ను నమ్ము.

నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు పోయొచ్చిన బావ ఒకడు ప్రతి ఇంట్లో ఉంటాడు. బ్యాంకు ఉద్యోగం రాలేదు గానీ షార్ట్‌కట్‌లు వచ్చాయి. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్, అదే జవాబు అంటాడు. కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. హాల్లోకి కాగితం రానివ్వరు కాబట్టి షార్ట్‌కట్ భద్రంగా గేటు బయటే ఉంటుంది.

8. బొమ్మను ఎంచుకోమంటే లోకజ్ఞానం వాడు.

లెక్క లేని వెన్ ప్రశ్నలు కొన్ని ఉంటాయి. మూడు మాటలిచ్చి ఏ బొమ్మ సరిపోతుందో చెప్పమంటారు. వేరుశనగ, నూనెగింజలు, పంటలు అని ఇస్తే ఒకదాని లోపల ఒకటిగా మూడు వృత్తాలు. అమాయకులు అదే నొక్కుతారు. నువ్వు ఆలోచించు. మొన్న సంతలో అమ్మిన వేరుశనగ పంట కాదు, సరుకు. చట్నీలో పడ్డది సరుకు కూడా కాదు. ఇలా తవ్వుకుంటూ పో.

ఇంకో రకం ఉంది. "నదులన్నీ నీళ్ళున్నవే. పెన్న ఒక నది. కాబట్టి?" ఇలాంటిచోట ప్రశ్నలో ఇచ్చిన మాటే నిజమనుకుని గీయాలట. వాళ్ళకేం, ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని రాస్తారు. మనం తాడిపత్రి దగ్గర పెన్నను ఎండాకాలంలో చూసినవాళ్ళం. పెన్న ఒక సున్నా, నీళ్ళు ఒక సున్నా, రెంటికీ మధ్య జానెడు దూరం పెట్టి గియ్యి. చిత్రావతి అయితే బెత్తెడు చాలు. మార్కు పోతుంది, నిజం నిలబడుతుంది.

అనంతపురం జిల్లా, ధర్మవరం, పుట్టపర్తి అని ఇచ్చారనుకో. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడ్డాక ఆ రెండూ మన సున్నాలోంచి జారి పక్క సున్నాలో పడ్డాయి. ఆ మాటకొస్తే పైన మనం లెక్క చేసిన హిందూపురమూ అంతే. నువ్వు మాత్రం పాత మ్యాపుతోనే ఉండు. అభిమానం ముందు గెజిట్ ఎంత?

9. పట్టిన ప్రశ్నను వదలొద్దు.

నిమిషం దాటితే వదిలేసి ముందుకు పో, తర్వాత టైముంటే తిరిగి రా అని పిరికివాళ్ళు చెబుతారు. తర్వాత చూసుకోడానికి గుర్తు పెట్టుకునే బటన్ కూడా తెర మీద ఉంటుంది. దాని జోలికి పోవద్దు, అది ఓటమిని ఒప్పుకోవడం. ఒక్క వెన్ ప్రశ్న మీద తొమ్మిది నిమిషాలు పోరాడు. ఆ తొమ్మిది నిమిషాల్లో పన్నెండు ప్రశ్నలు అయ్యేవని లెక్క తేలుతుంది గానీ, ఆ పన్నెండూ నీకు వస్తాయని ఎవడు చెప్పాడు?

10. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఖాళీగా వదిలెయ్.

తప్పుకు మార్కు కొయ్యరు. అంటే చివరి రెండు నిమిషాల్లో మిగిలినవన్నీ ఏదో ఒకటి నొక్కినా నష్టం లేదు. అంత కష్టం దేనికి? చెయ్యి నొప్పి. ఖాళీగా వదిలితే "తెలియనిది తెలియదని వదిలేశాను" అని నిజాయితీపరుడిగా పేరొస్తుంది.

మరీ నొక్కాలని చెయ్యి దురద పెడితే 200 ప్రశ్నలకూ మూడో ఆప్షనే నొక్కు. నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైనది కాబట్టి సగటున నాలుగో వంతు తగులుతుంది. 50 మార్కులు. జనరల్ కేటగిరీలో అర్హతకు కావలసింది 25 శాతం, అంటే ముమ్మూర్తులా ఆ 50. ఇంతమంది ప్రొఫెసర్లు కూర్చుని ఈ గీతను ఇక్కడే గీశారంటే మనల్ని మనసులో పెట్టుకునే. సగటు 50 అంటే 44 కూడా రావచ్చు, 57 కూడా రావచ్చు అని స్టాటిస్టిక్స్ చదివిన స్నేహితుడు అడ్డు తగులుతాడు. అలాంటివాణ్ణి టీకి పిలవొద్దు. అర్హత వచ్చినంత మాత్రాన ర్యాంకు రాదని, ర్యాంకు లేకపోతే కోరుకున్న కాలేజీ రాదని కూడా వాడే చెబుతాడు. ఒక్క మార్కు అటూ ఇటూ అయితే ర్యాంకు ఎంత దూరం జరుగుతుందో ఫలితాల రోజు నీకే కనబడుతుంది, వాడితో పని లేదు.

11. సాకులు ముందే సిద్ధం చేసుకో, ఎవరికి ఏది చెప్పాలో రాసుకో.

పాఠం చదవకపోయినా పరవాలేదు గానీ సాకు లేకుండా హాల్లో అడుగు పెట్టొద్దు. అమ్మకు ఎండ. ఎండాకాలంలో అనంతపురం ఎండకు 40 డిగ్రీలు ఒక లెక్క కాదు, "కళ్ళు బైర్లు కమ్మి మూడు సున్నాలు ఆరు సున్నాలుగా కనబడ్డాయమ్మా" అంటే మజ్జిగ చేతికొస్తుంది. నాన్నకు బస్సు. కళ్యాణదుర్గం నుంచి వచ్చే బస్సు లేటయింది అంటే ఆయనకు ఆర్టీసీ మీద కోపం వస్తుంది, నీ మీద రాదు. నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వరన్న నిబంధన ఆయనకు తెలియకూడదు, తెలిస్తే "మరి నిన్నెట్ల రానిచ్చిరి?" అంటాడు. స్నేహితులకు మౌస్. నా మౌస్ సరిగ్గా కదల్లేదు మామా, నేను 10 నొక్కితే అది 40 నొక్కింది.

మేనమామకు యూనివర్సిటీ. 2023లోనూ 2024లోనూ ఐసెట్ నిర్వహించింది మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. ఆ రెండేళ్ళూ సాకు ఏమిటంటే, "మన ఊరోళ్ళ పరీక్షే కదా అని ధీమాగా పోయినా మామా". ఎస్కేయూలో తెలిసినాయన ఉన్నాడని మేనమామ కూడా ధీమాగానే ఉన్నాడు. పాపం ఆ కంప్యూటర్‌కు తెలిసినాయన ఎవరూ లేరు. 2025లో ఆంధ్రా యూనివర్సిటీకి అప్పగించారు. అప్పుడు "వైజాగోళ్ళ పేపర్ మామా, మన స్టైల్ కాదు" అను. రెండు సాకులూ పక్కపక్కన పెట్టి చూసేంత తీరిక మేనమామలకు ఉండదు.

ఇక అందరికీ, అన్ని వేళలా పనికొచ్చే సాకు కరువు. ఇంటర్వ్యూలో అడిగినా, పెళ్ళిచూపుల్లో అడిగినా ఇదే. దేశంలో వానలు బాగా తక్కువ పడే జిల్లాల్లో మనదొకటి. పాత ఉమ్మడి జిల్లా లెక్కన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. ఈ అంకె మాత్రం నోటికి రావాలి. "మాది 550 మిల్లీమీటర్ల జిల్లా సార్, మాకు ఛేదనం ఎక్కడి నుంచి వస్తుంది సార్?" అంటే ఎదుటివాడు కళ్ళు దించుకుంటాడు. ఇదే జిల్లాలో ఇదే కరువులో ఒక పూట పనికి పోయి, రాత్రి చదువుకుని మంచి ర్యాంకు తెచ్చుకున్న పక్క ఊరి పిల్ల సంగతి ఆ సమయంలో ఎత్తొద్దు. నైరుతి రుతుపవనాల మబ్బులు పడమటి కనుమల అవతలే కురిసిపోతాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి అలసిపోతాయి. నైరుతి ఒక సున్నా, ఈశాన్యం ఒక సున్నా, మనం రెంటికీ అంచున. ఇది నోటితో చెప్పు గానీ కాగితం మీద గీసి చూపించొద్దు. బొమ్మ సరిగ్గా వచ్చేస్తుంది. చదివావని తెలిసిపోతుంది.

12. కీ రాగానే అభ్యంతరం పెట్టు.

పరీక్షయిన కొన్నాళ్ళకు ప్రాథమిక కీ విడుదల చేస్తారు. అభ్యంతరాలుంటే ఆధారాలతో పంపమంటారు. తప్పు మనది కాదు, కీది అని నిరూపించే చివరి అవకాశం ఇది. కీలో నిజంగా తప్పు దొర్లిన ప్రశ్నలు ఉంటే వాటి జోలికి పోవద్దు, వాటికి లెక్క చేసి చూపించాలి. వెన్ ప్రశ్నకే పెట్టు. నమూనా కింద ఇస్తున్నాను, ప్రశ్న నంబరు మార్చుకుంటే చాలు.

"ఐసెట్ కన్వీనర్ గారికి,

అయ్యా,

రైతుల ప్రశ్నకు మీ కీలో 10 అని ఇచ్చినారు. నేను 40 పెట్టినాను. రెండు పంటలూ వేసిన 25 మందిని మీరు ఒక్కసారే లెక్కించినారు. వారు విత్తనం రెండుసార్లు కొన్నారు, కూలి రెండుసార్లు ఇచ్చినారు, అప్పు రెండుచోట్ల చేసినారు. నష్టం మాత్రం రెండుసార్లు వచ్చి, లెక్కలో ఒక్కసారే రావడం న్యాయమా? కావున వారిని రెండుసార్లు లెక్కించి నాకు ఒక మార్కు ఇప్పించవలసిందిగా ప్రార్థన. ఆధారం కింద మా నాన్నగారి పాసు పుస్తకం జిరాక్సు జతపరుస్తున్నాను. ఆయనను ఫోనులో సంప్రదించవద్దని మనవి, ఆయన 10 అని చెబుతారు.

అలాగే హిందూపురం వీధి ప్రశ్నలో కన్నడం వారు మైనస్ 20 మంది, ఉర్దూ వారు మైనస్ 20 మంది, వెరసి 40 మంది నా రఫ్ పేపర్ మీద నుంచి కనబడకుండా పోయినారు. రఫ్ పేపర్ మీ సిబ్బందే తీసుకున్నారు కాబట్టి వారిని వెతికించే బాధ్యత కూడా తమదే."